కాయ లేని పచ్చదనం: మెట్ట పైరు నష్టాన్ని లెక్కగట్టడం



ఈ స్మారక ఉపన్యాసాన్ని నెలకొల్పిన కుటుంబం నన్ను ఒక్కటే కోరింది. పెద్దాయన గురించి పొగడ్తలు వద్దు, ఆయన దేని కోసం తపన పడ్డారో దాని గురించి మాట్లాడండి అన్నారు. ఆయన తపన అంతా పంట నష్టం లెక్క గురించే. వ్యవసాయ శాఖ తరఫున ఆయన, గణాంక శాఖ తరఫున దిగుబడి తేల్చే పంట కోతలు చేయిస్తూ నేను కోడుమూరు చుట్టుపక్కల చేలగట్ల మీద తరచూ కలిసేవాళ్లం. పైరును దూరం నుంచి చూసి ఆయన ఏనాడూ కాగితం మీద అంకె వేయలేదు. చేలోకి దిగి, చెట్టు పెరికి, వేళ్ల మట్టి దులిపి చూశాకే కలం తీసేవారు. ఆ అలవాటు వెనక ఉన్న శాస్త్రం గురించే ఈరోజు నా మాట.

కాస్త దూరం నుంచి మొదలుపెడతాను. విపత్తు సహాయ నిధి నిబంధనల్లో కరువు, వరద, తుపాను, వడగళ్లతో పాటు శీతగాలి, మంచుదెబ్బ కూడా ఉన్నాయి. హంద్రీ ఒడ్డున మంచుదెబ్బ ఏమిటని మీకు అనిపించవచ్చు. మన రాష్ట్రంలో ఆ మాట అనుభవంలో ఉన్నది లంబసింగి, చింతపల్లి కొండల వాళ్లకు. కానీ మంచు పడే దేశాల్లో ఆ నష్టాన్ని అంచనా వేసే తీరు మనం తెలుసుకోదగ్గది. మంచు పడిన మర్నాడు పొద్దున్నే వచ్చి లెక్క రాయరు. ఆకు మాడినా లోపల మొవ్వు బతికి ఉండవచ్చు. ఆకు నిగనిగలాడుతున్నా మొవ్వు చచ్చి ఉండవచ్చు. అందుకని వారం పది రోజులు ఆగుతారు. ఆ తర్వాత కాండాన్ని నిలువునా చీలుస్తారు. మొవ్వు తెల్లగా గట్టిగా ఉంటే పైరు బతికినట్టు, గోధుమరంగుకు తిరిగి మెత్తబడితే పోయినట్టు. మొక్కజొన్నకు ఐదారు ఆకులు వచ్చేదాకా మొవ్వు నేల లోపలే ఉంటుంది కాబట్టి పైన అంతా మాడినా మళ్లీ చిగురించగలదు. చల్లగాలి బరువెక్కి పల్లానికి జారుతుంది కనుక ఒకే చేలో పల్లపు భాగాన్ని, మెరక భాగాన్ని విడివిడిగా చూస్తారు. ఎప్పుడు చూడాలి, మొక్కలో ఏ భాగం చూడాలి, చేలో ఏ చోట చూడాలి అన్న మూడింటికీ వాళ్ల దగ్గర జవాబు ఉంది. మన మెట్ట పైర్లకు ఆ మూడు జవాబులూ మన రైతుల దగ్గర ఉన్నాయి, మన ఫారాల్లో లేవు. నా ఫిర్యాదు అదే.

వేరుసెనగనే తీసుకోండి. ఎర్రనేలల్లో జూన్, జులైల్లో పదును చూసి గొర్రు కడతాం. నెల తిరక్కముందే పూత మొదలవుతుంది. పూత రాలాక దాని మొదట్లోంచి ఊడ బయలుదేరి నేలలోకి దిగాలి. నేల లోపలికి పోయిన ఊడ కొసనే కాయ ఊరుతుంది. దిగని ఊడకు కాయ లేదు. విత్తిన 40, 50 రోజుల మధ్య ఈ పని జరిగే వేళ వాన మొహం చాటేస్తే పైనేల గట్టిపడుతుంది. ఊడ వంగి వచ్చి నేలను తాకుతుంది, లోపలికి పోలేక అక్కడే ఆగి కొస నల్లబడి ఎండుతుంది. ఆ సమయంలో చెట్టు పెరికి చూస్తే గాలిలో వేలాడే ఎండు ఊడలు లెక్కపెట్టగలిగేలా కనిపిస్తాయి. నష్టం అప్పటికే జరిగిపోయింది.

ఆ తర్వాత సెప్టెంబరులో ఒక మంచి వాన పడుతుంది. వేరుసెనగ మొండి మొక్క. రెండు మూడు వారాల్లో ఆకు తిరిగి పచ్చబడుతుంది, మళ్లీ పూస్తుంది. దారిన పోయేవాళ్లు బాగా తేరుకుందే అనుకుంటారు. ఆ రెండో పూత ఊడలు దిగి కాయ ముదిరే లోపు పదునూ అయిపోతుంది, పైరు గడువూ తీరుతుంది. పెరికితే నాలుగు గట్టికాయలు, గుప్పెడు తాలు. కరువు అంచనాకు వచ్చిన బృందం సరిగ్గా ఆ పచ్చదనపు వారాల్లో రోడ్డు పక్కన జీపు దిగితే ఏం రాసుకుపోతుందో మీరే ఊహించుకోండి. వచ్చిన మనుషులు చెడ్డవాళ్లని కాదు. వాళ్ల ఫారంలో పైరు ఎలా ఉందన్న ప్రశ్న ఉంది కానీ ఊడలు దిగాయా అన్న ప్రశ్న లేదు.

ఆగి చూడడం ఒక్కటే చాలని నేను అనను. మంచుదెబ్బకు ఆగి చూస్తే నిజం తెలుస్తుంది. మన వేరుసెనగకు ఆగితే పచ్చదనం నిజాన్ని కప్పేస్తుంది. ఒక్కో పైరుకు ఒక్కో కీలకమైన వేళ ఉంది. నల్లరేగడిలో అక్టోబరులో వేసే పప్పుసెనగ పైవానతో కాకుండా నేల దాచుకున్న తేమతో పండుతుంది కాబట్టి దాని నష్టం విత్తేనాటి పదును లోతులోనే సగం నిర్ణయమైపోతుంది. పత్తికి గూడ రాలడం, కాయ పగిలే వేళ పడే వాన. ఉల్లికి పెరికే ముందు పడే వాన. అన్నిటికీ ఒకే తేదీన ఒకే ఫారం పట్టుకుని పోతే ఏ పైరుకూ న్యాయం జరగదు.

కరువు ప్రకటనకు కేంద్రం 2009లో తెచ్చి 2016లో మార్చిన మార్గదర్శక గ్రంథం ఉంది. వర్షపాతం లోటు, వాన లేని విరామం, విత్తిన విస్తీర్ణం, ఉపగ్రహం చూపే పచ్చదనం, నేల తేమ, జలాశయాల నీళ్లు, ఇలా సూచికలు వరుసగా ఉంటాయి. ఆపైన కరువు ఉందనుకున్న ఊళ్లలో పదో వంతు ఎంచి, ఒక్కో ఊళ్లో ఐదు చోట్ల పైరును కళ్లతో చూడాలి. కాగితం మీద చక్కటి ఏర్పాటు. కానీ విరామాన్ని వరుసగా మూడు నాలుగు వారాలు, ఏ వారం చూసినా సాధారణ వర్షంలో సగం కంటే తక్కువగా ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు. నడిమి వారంలో ఒక రాత్రి ఓ జల్లు పడిందంటే లెక్క తెగిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. ఆ జల్లు నల్లరేగడిలో రెండంగుళాలు తడిపి మర్నాటి ఎండకు ఆవిరైపోయినా సరే. ఏడాదికి 600 మిల్లీమీటర్ల పైచిలుకు వానతో బతికే జిల్లాకు మొత్తం ఎంత పడిందన్నది చిన్న ప్రశ్న. ఎన్ని రోజుల ఎడంతో పడింది, ఎంత లోతు దిగింది అన్నవే పెద్ద ప్రశ్నలు. మన రైతు వానను పదునుతో కొలుస్తాడు. వేలెడు పదును, జానెడు పదును అంటాడు. ఆ కొలతకు ఏ నివేదికలోనూ గడి లేదు.

కాస్త వెనక్కి వెళ్తాను. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో అన్నిటికంటే ఎక్కువ నలిగినవి బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లాలో జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని భారత ప్రభుత్వ కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ నిర్ణయిస్తే, అది మనిషి ప్రాణం నిలిపే కూలి కాదని మద్రాసు పారిశుధ్య కమిషనరు కార్నిష్ ఎదురు నిలిచాడు. పైరు పోయిన సంగతి ముందు కొలవకపోతే చివరికి ఎండిన మనుషుల్ని కొలవాల్సి వస్తుందని ఆనాటి కరువు శిబిరాలు చెప్పాయి. 1880 నాటి కరువు కమిషన్, ఆ తర్వాత వచ్చిన కరువు నియమావళులు వానలు, ధరలు, వలసలు చూసి ముందే మేలుకోమన్నాయి. ఆ మాట చెప్పడానికి అన్ని ప్రాణాలు పోవాల్సి వచ్చింది.

శిస్తు రోజుల్లో పంటను అణాల్లో రాసేవారు. పదహారణాల పంట అంటే నిండు పంట. ఎన్ని అణాలు పండిందో ఊరి లెక్కలు రాసేవాళ్లు కంటితో చూసి అంచనా కట్టేవారు. అణాలు తగ్గితే శిస్తులో తగ్గింపో, వాయిదానో దొరికేది. రైతుకు తక్కువ రాయించుకోవాలని, సర్కారుకు ఎక్కువ రాయించాలని, మధ్య మనిషికి తన లాభం తనకు. ఇంతమంది అవసరాల నడుమ కంటి అంచనా నిలబడదు. 1920ల్లో బీహారు, ఒడిశా వరిపొలాల్లో హబ్బక్ అనే ఆంగ్లేయ అధికారి ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా చీటీ ఎత్తినట్టు స్థలం ఎంచి కోయడం మొదలుపెట్టాడు. తర్వాత బెంగాలు జనపనార చేలల్లో మహలనోబిస్, వ్యవసాయ పరిశోధన మండలిలో సుఖాత్మే దాన్ని శాస్త్రంగా నిలబెట్టారు. ఆ ఇద్దరికీ కోత ముక్క ఎంత ఉండాలన్న దానిమీద గట్టి వాదమే నడిచింది. ముక్క మరీ చిన్నదైతే అంచున ఉన్న మొక్కల్ని లోపల కలిపేసుకునే పొరపాటు పెరిగి దిగుబడి ఎక్కువ చూపిస్తుందని సుఖాత్మే పట్టుబట్టాడు. చేలో తాడు పట్టుకున్నవాడిగా చెబుతున్నాను, ఆ వాదం నిజం.

ఆ కోత ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూడండి. ఎంపికైన సర్వే నంబరులో చేను నైరుతి మూల నిలబడతాం. పట్టికలోంచి తీసిన రెండు సంఖ్యల ప్రకారం పొడవు వెంట ఇన్ని అడుగులు, వెడల్పు వెంట ఇన్ని అడుగులు నడుస్తాం. ఆగిన చోట ముందు గూటం దిగుతుంది. అక్కడ పైరు బాగుందని, బాగాలేదని పక్కకు జరగకూడదు. ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి నాలుగు గూటాలు కొట్టి తాడు బిగిస్తాం. మూలమట్టం సరిచూస్తాం. తాడు కింద పడిన చెట్టు దగ్గర వంగి దాని మొదలు లోపల ఉందా, బయట ఉందా అని వేలితో తడిమి చూస్తాం. పెరికిన చెట్లన్నీ కుప్ప పోసి కాయలు కోసి పచ్చి తూకం వేస్తాం, కొన్నాళ్లు ఎండబెట్టాక మళ్లీ తూస్తాం. ఆ ముక్క 25 చదరపు మీటర్లు. హెక్టారులో అలాంటివి 400. అంటే ఆ తక్కెడలో ఒక కిలో తేడా పడితే హెక్టారుకు 400 కిలోల తేడా వస్తుంది. మట్టి సరిగా దులపకుండా తూస్తే చాలు, లేని పంట కాగితం మీద పండుతుంది. పంట బీమాకు గ్రామం యూనిట్ అయిన చోట ఒక పైరుకు నాలుగు కోతలు. నాలుగూ కలిపితే 100 చదరపు మీటర్లు, అంటే సుమారు రెండున్నర సెంట్లు. ఊరంతటి వేరుసెనగ బీమా ఆ రెండున్నర సెంట్ల మీద నిలబడి ఉంటుంది.

బీమా సంగతి చాలామందికి తెలిసీ తెలియకుండా ఉంది కాబట్టి చెబుతాను. వానను బట్టి పంట బీమా పెట్టవచ్చని 1920లోనే మైసూరు రాజ్యంలో చక్రవర్తి అనే అధికారి పుస్తకం రాశాడు. రైతు రైతునూ విడిగా కొలవడం కుదరదు, ప్రాంతం మొత్తానికి ఒకే దిగుబడి తీసుకుందామని ఆర్థికవేత్త దాండేకర్ 1976లో వాదించాడు. 1985 పథకం, 1999 పథకం, 2016 ఖరీఫ్ నుంచి వచ్చిన ఫసల్ బీమా, అన్నీ ఆ దారినే నడిచాయి. మన రాష్ట్రం 2020లో ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చి 2022లో తిరిగి చేరింది. గడచిన ఏడేళ్లలో మేలైన ఐదేళ్ల సగటు తీసి, దానిలో నిర్ణీత శాతాన్ని హామీ దిగుబడి అంటారు. మాటవరసకు అది హెక్టారుకు 800 కిలోలు అనుకోండి. ఈ ఏడు కోతల్లో 600 వచ్చింది. తగ్గింది నాలుగో వంతు కాబట్టి బీమా మొత్తంలో నాలుగో వంతు ఇస్తారు. 100 కిలోలు పండినవాడికీ అంతే, 1,000 కిలోలు పండినవాడికీ అంతే.

దాండేకర్ తర్కం గట్టిదే. ఆయనను తప్పుపట్టను. ప్రాంతంలో అందరికీ ఒకేలా వాన పడుతుందన్న చోట ఆ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. మన సీమలో ఎద్దుకు ఒక కొమ్ము తడిస్తే రెండో కొమ్ము తడవదు. ఒక్క ఊరి పొలిమేరలోనే తూర్పు పొలాలకు పదును అంది, పడమటి పొలాలకు దుమ్ము మిగిలిన ఏళ్లు మనకు కొత్త కాదు. వాన సూచికతో నడిచే బీమాను 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుసెనగ, ఆముదం రైతులకు తొలిసారి ఇచ్చినప్పుడూ ఈ చిక్కే ఎదురైంది. వానమాపకం ఉన్న చోట కురిసింది, చేనున్న చోట కురవలేదు. మండలానికి కొన్నే వానమాపకాలున్న మన దగ్గర ఆ దూరం ఎవరి తప్పూ కాదు కానీ నష్టం మాత్రం ఒకడిదే.

2009 ఏడాదిని కోడుమూరు మరిచిపోలేదు. ఆ ఏడు దేశమంతటా నైరుతి వానలు సాధారణం కంటే 22 శాతం తక్కువ. మన పైర్లు ఎండుతూ సెప్టెంబరు దాకా వచ్చాయి. నెలాఖరున వాన మొదలై తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగాయి. అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగింది. ఊడ దిగక ముందే సగం పోయిన పైరును వరద తుడిచిపెట్టింది. ఇది కరువు నష్టమా, వరద నష్టమా? రెండు ఫారాలు, రెండు లెక్కలు. పైరు పోయిన చోట ఇసుక మేట వేసింది. ఆ ఇసుక తీసివేయడానికి సాయం కావాలంటే మేట మూడంగుళాలు దాటి ఉండాలని నిబంధన. నష్టపోయినవాడు ఒక్కడే, అతడి చేను ఒక్కటే. ముందే పైరు ఏ దశలో ఎంత దెబ్బతిన్నదో రాసి ఉంటే ఆ చర్చ చేలగట్టు మీదే తేలిపోయేది.

కోసిన తర్వాత పోయే పంట గురించి కూడా చెప్పాలి. మన వాళ్లు వేసే టీఎంవీ-2, కదిరి-6 రకాల గింజకు నిద్రావస్థ లేదు. పెరికి చేలో ఆరబెట్టిన కట్టె మీద వాన పడితే కాయలోనే మొలక వస్తుంది. తూకానికి కాయ ఉంటుంది, బేరానికి ఉండదు. ఫసల్ బీమాలో కోత తర్వాత 14 రోజుల వరకు ఇలాంటి నష్టాన్ని విడిగా, ఆ రైతు చేలోనే చూడాలి. వడగళ్లకూ, చేను మునిగిన దానికీ అంతే. అయితే 72 గంటల్లో తెలియజేయాలి. ఆ గడువు సంగతి తెలియక, పొలంలో నీళ్లు తోడుకునే హడావిడిలో మన వాళ్లు ఎంతమంది దాన్ని పోగొట్టుకున్నారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఇప్పుడు ఉపగ్రహాల కాలం. 2023 ఖరీఫ్ నుంచి వరికి, గోధుమకు దిగుబడి తేల్చడంలో 30 శాతం బరువు సాంకేతిక అంచనాకు ఇస్తున్నారు. వరి కంకి పైన ఉంటుంది, పైరు పచ్చదనానికీ గింజకూ సంబంధం దగ్గరిది. అక్కడ నాకు అభ్యంతరం లేదు. ఈ పద్ధతిని రేపు వేరుసెనగకు తెస్తామంటే మాత్రం కోడుమూరు రైతు లేచి నిలబడి అడగాలి. కాయ నేల లోపల ఉంది, మీ కన్ను ఆకాశంలో ఉంది, మధ్యలో సెప్టెంబరు వాన తెచ్చిన దొంగ పచ్చదనం ఉంది. ఊడ దిగే వేళ నేలలో తేమ ఎంత ఉందో చెప్పగలిగితే ఆ సాంకేతికతను చేతులు జోడించి స్వాగతిస్తాను. ఆకు రంగు చూసి కాయను లెక్కగడతామంటే ఒప్పుకోను.

పైరు పోతే సర్కారు ఇచ్చే పెట్టుబడి రాయితీకి 2015 దాకా సగం పంట పోతేనే అర్హత. ఆ ఏడు దాన్ని 33 శాతానికి దించారు. ఇది రైతులకు దక్కిన నిజమైన మేలు. 2022 నుంచి 2026 వరకు వర్తించేలా తెచ్చిన కేంద్ర నిబంధనల్లో మెట్ట పైరుకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి సాగుకు 17,000, అదీ రెండు హెక్టార్ల వరకే. కానీ 33 అన్న అంకెను ఎవరు, ఏ పరికరంతో తేలుస్తున్నారు? ఎక్కువ చోట్ల కంటితోనే. 30 అని కంటికి తోచితే సున్నా, 35 అని తోచితే మొత్తం. అణాల కాలం పోయినా ఆ కంటి చూపు పోలేదు. అందుకే నేను కోరేది పెద్ద యంత్రాంగం కాదు. ఈ-పంట నమోదుకు ఎలాగూ చేలోకి వస్తున్నారు. ఊడ దిగే వేళ ఇంకొక్కసారి రండి. మెరకలో ఐదు చెట్లు, పల్లంలో ఐదు చెట్లు పెరికి, దిగిన ఊడలెన్ని, ఎండినవెన్ని రాసి, ఫోటో తీసి అదే నమోదులో చేర్చండి. కోత నాటికి ఆ అంకె సాక్షిగా నిలుస్తుంది.

కౌలు రైతు మాట చెప్పకుండా దిగిపోలేను. ఈ మండలంలో సాగు చేసేది ఒకరు, పట్టా మరొకరిది అయిన చేలు ఎన్నో మీకే తెలుసు. 2011 చట్టం రుణ అర్హత కార్డులు ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం సాగుదారు హక్కు పత్రం పదకొండు నెలలకు ఇస్తుంది, కానీ భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టరు. అంచనా ఎంత నిక్కచ్చిగా జరిగినా డబ్బు విత్తనం కొననివాడి ఖాతాలో పడితే ఆ లెక్కకు అర్థం లేదు. సభలో భూమి ఉన్న పెద్దలు చాలామంది కనిపిస్తున్నారు. అయ్యా, ఆ పత్రంతో మీ హక్కుకు ఏ భంగమూ లేదని చట్టంలోనే రాసి ఉంది. సంతకం పెట్టండి.

చివరగా యువకులకు ఒక పని అప్పగిస్తున్నాను. మీ ఊళ్లో పంట కోతకు ఎంపికైన సర్వే నంబర్లు ఏవో రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి. కోత రోజున పదిమంది చేలోకి వెళ్లండి. తాడు కొలవండి, తక్కెడ సున్నా మీద ఉందో లేదో చూడండి, మట్టి దులిపాకే తూకం వేయమనండి. పచ్చి తూకం, ఎండు తూకం రెండూ మీ పుస్తకంలో తేదీతో సహా రాసుకోండి. కోతకు వచ్చిన ఉద్యోగితో తగాదా పడకండి, అతడికి ఒకే రోజున మూడు ఊళ్లు ఉంటాయి. మంచినీళ్లిచ్చి, గూటాలు మీరే కొట్టి సాయం చేయండి. ఈ ఖరీఫ్ వేరుసెనగతోనే మొదలుపెట్టండి.